రంగం పెట్టె
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఊరి పెద్దల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను బాగా ఎరిగినవాళ్ళ గురించి కాక, సరిగా ఎరగని ఇద్దరి గురించి చెబుతాను. వాళ్ళు మా తాత, మామ్మ.

తాత నేను పుట్టకముందే పోయాడు. మామ్మ నా అయిదో తరగతిలో పోయింది. "మీ తాత రంగం నుంచి నడిచొచ్చాడురా" అని వీధిలో పెద్దవాళ్ళు అంటుంటే, రంగం అంటే నాటకాలాడే చోటు అనుకునేవాణ్ణి. ఎనిమిదో తరగతిలో సోషల్ మాస్టారు ఆసియా పటం గోడకు తగిలించి, బెత్తంతో రంగూన్ చూపించి, "మన వైపు వాళ్ళు దీన్నే రంగం అంటారు" అన్నారు. పటంలో విశాఖకూ రంగూన్‌కూ మధ్య ఉన్నదంతా సముద్రమే. మరి నడిచెలా వచ్చాడు?

ఆ జవాబు పోగుచేసుకోవడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది.

విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల నుంచి మనవాళ్ళు వేలాదిగా బర్మా వెళ్ళేవారు. విశాఖ హార్బరు మొదలైంది 1933లో. అంతకుముందు ఓడ దూరంగా సముద్రంలో ఆగితే పడవలమీద వెళ్ళి ఎక్కాలి. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు, డెక్కుమీద ప్రయాణం. అక్కడ బియ్యం మిల్లుల్లో కూలి, రేవులో బస్తాల మోత, రిక్షా లాగడం. 1931 జనాభా లెక్కలనాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. కోరంగి రేవు పేరుమీద మనవాళ్ళను కోరంగీలనేవారు. ఆ పిలుపులో గౌరవం ఉండేది కాదు. 1930 మేలో తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టారు. సమ్మె తీరాక వాళ్ళను పొమ్మన్నారు. పేదవాడిమీద పేదవాడు కత్తి ఎత్తాడు. మా తాత అప్పుడు ఎక్కడ దాక్కున్నాడో, ఎవరిని కాపాడాడో, ఎవరిని కొట్టాడో నాకు తెలీదు.

1941 డిసెంబరు 23న రంగూన్‌మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఓడలు అందరికీ దొరకలేదు. లక్షలమంది కాలినడకన బయలుదేరారు. కొందరు అరకాన్ కొండలు దాటి, కొందరు తమూ మీదుగా ఇంఫాల్‌కి. కలరా, మలేరియా, ఆకలితో వేలమంది దారిలోనే పోయారు. మా నాన్నకు అప్పుడు అయిదేళ్ళు. తాత భుజంమీద వచ్చాడు. మామ్మ చంకలోని చెల్లెలు మాత్రం రాలేదు. ఈ మాట నాన్న నాతో జీవితంలో ఒక్కసారే అన్నాడు. ఆ పిల్ల పేరు అడిగితే, "మీ మామ్మకే తెలుసు" అన్నాడు.

మామ్మ ఏ రోజూ అన్నం కుండ ఖాళీగా బోర్లించనిచ్చేది కాదు. గుప్పెడైనా మిగల్చాల్సిందే. పిసినారి అనుకుని నవ్వేవాణ్ణి. అడగాల్సిన వయసులో నవ్వాను. అడగాలనుకునేసరికి మామ్మ లేదు.

ఇక్కడ నా బ్యాచ్‌వాళ్ళ ముందు ఒకటి ఒప్పుకోవాలి. మా తాత రంగంలో టేకు వ్యాపారి అని మీకు చెప్పాను కదా? మా ఇంట్లోని టేకు పెట్టె చూపించి నమ్మించాను కూడా. అది అబద్ధం. ఆ పెట్టె తాత అంతకుముందోసారి ఓడలో ఊరికొచ్చినప్పుడు తెచ్చినది. నడిచొచ్చినప్పుడు తెచ్చింది ఒక్క కొడుకునే. ఆయన రేవులో బస్తాలు మోసిన కూలీ. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడ్డవాణ్ణి నేను, ఆయన కాదు.

ఈ రోజు అచ్యుతాపురంలో పొద్దున్నే రోడ్డెక్కితే సెజ్ బస్సులు. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఒక్కో గదిలో ఆరేడుగురు అద్దెకుంటున్నారు. "ఎవరో బయటివాళ్ళు" అని మనమూ అంటున్నాం. ఆ మాట నా నోటా వచ్చింది. ఒకనాడు రంగూన్‌లో మా తాత విన్నమాట అదే అయ్యుంటుందని తట్టిన రోజు నాకు నిద్రపట్టలేదు.

అందుకే సంఘానికి రెండు విన్నపాలు. ఆ కుటుంబాల పిల్లలెవరైనా మన బడికి వస్తే, తెలుగు రాదని వెనక్కి పంపకుండా, సాయంత్రాలు ఒక గంట చెప్పే ఏర్పాటు చేద్దాం. మొదటి ఆరు నెలలు నేను వస్తాను. రెండోది, మీ ఇళ్ళలో పెద్దవాళ్ళుంటే ఈ రాత్రే పక్కన కూర్చోండి. పోయినవాళ్ళ పేర్లు అడిగి రాసుకోండి.

ఆ పెట్టె ఈ రోజు తెచ్చాను. ప్రధానోపాధ్యాయులవారు అనుమతిస్తే బడి లైబ్రరీలో ఉంచుతాను. మూతలోపల ఒక కాగితం అంటించాను. "రంగూన్ రేవులో బస్తాలు మోసినవాడి పెట్టె" అని రాశాను. ఈసారి నిజమే రాశాను.

సెలవు.