ఆటస్థలం ఎవరిది?



చేబ్రోలు పేరు చెబితే అందరికీ నాలుగు ముఖాల బ్రహ్మ గుడి గుర్తొస్తుంది. కోనేటి నడుమ ఉన్న ఆ గుడిని రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించాడు. కట్టించింది రాజు. కానీ ఇవాళ అది ఊరందరిదీ. ఎవరైనా వెళ్ళొచ్చు, దణ్ణం పెట్టుకోవచ్చు.

అలా ఊరందరిదీ అయినది ఇంకొకటి ఉంది. అదే ఆటస్థలం. ఊరందరిదీ అంటే ఆడవాళ్ళది కూడా. ఈ మాట వినగానే చాలామంది నవ్వుతారు. "మాకెందుకమ్మా ఆటలు? పొద్దున్నించీ మిరపకాయ కోసొచ్చి నడుము పడిపోతుంటే!" అంటారు.

ఆ మాటలో నిజం ఉంది. కానీ పని వేరు, ఆట వేరు. మిరప కోతలో రోజంతా వంగే ఉంటారు. అవే కండరాలు, అదే వంపు. నడుము అరుగుతుంది. ఆటలో ఒళ్ళంతా కదులుతుంది. పరుగెత్తుతారు, ఎగురుతారు, గట్టిగా ఊపిరి తీస్తారు, నవ్వుతారు. ఇంకో తేడా కూడా ఉంది. పనిలో మేస్త్రీ చెప్పినట్టు వినాలి. ఆటలో ఎవరికి వారే మేస్త్రీ. పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదిలే పని ఉండాలనీ, పిల్లలకు రోజుకు గంట ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కూలికి వెళ్ళే తల్లికి ఆ లెక్క పనిలోనే తీరిపోవచ్చు. మరి ఇంట్లో కూర్చుని బట్టలు కుట్టే ఆమెకు? పదో తరగతి చదివే కూతురికి?

కూతురి సంగతే చూడండి. చిన్నప్పుడు తొక్కుడుబిళ్ళ ఆడింది. గచ్చకాయలు ఆడింది. ఒప్పులకుప్ప తిరిగింది. అట్లతద్దినాడు ఉయ్యాలెక్కింది. పెద్దమనిషి అయిన రోజున అన్నీ ఆగిపోయాయి. అదే ఇంట్లో అన్నకు ఏదీ ఆగలేదు. వాడు సాయంత్రమైతే బ్యాటు పట్టుకుని పోతాడు. ఎక్కడికి వెళ్ళావని అడిగేవాళ్ళు లేరు. ఆడపిల్ల ఆట మానేసిందని అందరూ అంటారు. నిజానికి ఎవరో మాన్పించారు.

ఆడాలని మనసున్నా చోటు కావాలి. చోటు ఇచ్చేవాళ్ళు మూడు రకాలు. ఒకటి సర్కారు. రెండు వ్యాపారం చేసేవాళ్ళు. మూడు సేవాసంఘాలు. ఎవరి డబ్బు ఎక్కణ్ణించి వస్తుందో తెలిస్తే, ఎవరిని ఏం అడగాలో కూడా తెలుస్తుంది.

సర్కారు డబ్బు అందరూ కట్టే పన్నుల డబ్బు. సబ్బు కొన్నా, అగ్గిపెట్టె కొన్నా అందులో పన్ను ఉంటుంది. కాబట్టి పంచాయతీ స్థలం, సర్కారు బడి గ్రౌండు, గుంటూరులోని స్టేడియం, వీటన్నిటిలో మీ డబ్బూ ఉంది. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని చెప్పింది. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం కింద చేసిన పనుల్లో ఆటస్థలాలు తయారు చేసుకోవటానికి కూడా వీలు కల్పించారు.

2023 డిసెంబరు 26న గుంటూరులో "ఆడుదాం ఆంధ్ర" అనే పోటీలు మొదలయ్యాయి. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్, క్రికెట్ పెట్టారు. పదిహేనేళ్ళు దాటిన ఆడా మగా అందరూ ఆడొచ్చన్నారు. 2024 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో ఆఖరి ఆటలు జరిగాయి. ఊళ్ళలో ఆడపిల్లలు జట్లు కట్టి కోర్టులోకి దిగటం మంచిదే. కానీ పోటీ పండగలాంటిది. పండగ అయిపోయాక రోజూ అన్నం కావాలి కదా! రోజూ ఆడుకునే చోటు లేకపోతే పోటీలో కట్టిన జట్టు పోటీతోనే చెదిరిపోతుంది.

ఇక రెండో రకం. డబ్బు తీసుకుని ఆట చోటు ఇచ్చేవాళ్ళు. పట్నాల్లో జిమ్ములు, ఈతకొలనులు, వలలు కట్టిన చిన్న క్రికెట్ కోర్టులు వచ్చాయి. వీళ్ళను తిట్టాల్సిన పని లేదు. లైట్లు ఉంటాయి, నేర్పేవాళ్ళు ఉంటారు, మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుంది. ఈ మరుగుదొడ్డి సంగతి చిన్నదని మగవాళ్ళు అనుకుంటారు. అది లేకే ఎంతోమంది ఆడపిల్లలు గ్రౌండు మొహం చూడరు.

అయితే లెక్క వేసుకోవాలి. గంటకు 600 రూపాయలు అద్దె అనుకుందాం. పన్నెండు మంది కలిసి ఆడితే తలా 50 రూపాయలు. వారానికి మూడు రోజులు ఆడితే 150. నెలకు నాలుగు వారాలు అనుకుంటే 600. ఇద్దరు పిల్లలుంటే 1200. కూలి చేసుకునే తల్లికి ఈ లెక్క తేలదు. అప్పుడు ఆమె ఏం చేస్తుంది? ఇద్దరిలో ఒకరినే పంపుతుంది. ఆ ఒకరు ఎవరో చెప్పక్కర్లేదు.

ఈత కూడా అంతే. ఈ ప్రాంతమంతా కృష్ణా డెల్టా. ఎటు పోయినా కాలువలు. మగపిల్లలు కాలువలో దూకి ఎలాగో నేర్చుకుంటారు. ఆడపిల్లలకు ఆ వీలు లేదు. బట్టలు ఉతకటానికి, గేదెల్ని కడగటానికి నీళ్ళలోకి దిగేది మాత్రం ఆడవాళ్ళే. కాలు జారితే? ఈత సరదా కాదు, ప్రాణం. దాన్ని డబ్బున్న వాళ్ళకే వదిలేస్తే ఎలా?

మూడో రకం సేవాసంఘాలు. లాభం చూసుకోకుండా పని చేసేవాళ్ళు. అనంతపురం జిల్లాలో 1969లో విన్సెంట్ ఫెర్రర్, ఆయన భార్య అన్నె ఫెర్రర్ కలిసి గ్రామీణాభివృద్ధి సంస్థను మొదలుపెట్టారు. అందరూ ఆర్డీటీ అంటారు. ఆ సంస్థ అనంతపురంలో పెద్ద ఆటల ప్రాంగణం కట్టింది. హాకీ, క్రికెట్, ఫుట్‌బాల్, జూడో పల్లెల పిల్లలకు నేర్పింది. స్పెయిన్ దేశపు టెన్నిస్ వీరుడు రఫెల్ నాదల్ 2010లో అక్కడికి వచ్చి టెన్నిస్ బడి తెరిచాడు. అనంతపురం జిల్లా పల్లెలో పుట్టి అక్కడ ఆట నేర్చుకున్న బారెడ్డి అనూష 2023లో భారతదేశం తరపున బంగ్లాదేశ్ మీద క్రికెట్ ఆడింది.

దాతల సొమ్ముతో నడిచే పనికి ఒక చిక్కుంది. దాత చెయ్యి ఆగితే పనీ ఆగుతుంది. పన్ను డబ్బు మీద అడిగే హక్కు ఉంటుంది. దానం మీద ఉండదు.

సంఘం అంటే పెద్ద ఆఫీసూ బోర్డూ ఉండాలనేం లేదు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలో నీలంశెట్టి అప్పన్న అనే గురువు ఒక వ్యాయామశాల నడిపేవాడు. గొప్ప భవనమేమీ కాదు. ఊసవానిపేట నుంచి అక్కచెల్లెళ్ళు అక్కడికి వెళ్ళి బరువులెత్తటం నేర్చుకునేవారు. వాళ్ళలో ఒక పిల్ల పన్నెండేళ్ళ వయసులో మొదలుపెట్టింది. ఆడపిల్లకు బరువులెత్తటం ఏమిటి అనే రోజులవి. తల్లి వెనక నిలబడింది. ఆ పిల్లే కరణం మల్లీశ్వరి. 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఒకసారి 110 కిలోలు, ఇంకోసారి 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమే. 130 కిలోలంటే వడ్ల బస్తా ఒకటీ, దాని మీద దాదాపు ఇంకోటీ! ఒక గురువు, ఒక షెడ్డు, ఒక తల్లి. మొదలు అంతే.

మూడు రకాలూ కలిసిన చోటు కూడా ఉంది. ఇప్పటి బాపట్ల జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ పోటీ గెలిచాడు. తర్వాత హైదరాబాదు గచ్చిబౌలిలో అకాడమీ పెట్టాలనుకున్నాడు. స్థలం ప్రభుత్వం ఇచ్చింది. డబ్బు చాలక ఆయన సొంత ఇల్లు తాకట్టు పెట్టాడు. నిమ్మగడ్డ ప్రసాద్ అనే దాత 5 కోట్ల రూపాయలు ఇచ్చాడు. 2008లో అకాడమీ మొదలైంది. అక్కడ తయారైన పి.వి. సింధు 2016 ఒలింపిక్స్‌లో వెండి పతకం, 2021లో టోక్యోలో కంచు పతకం తెచ్చింది. చిన్నప్పుడు ఆమె ఆట కోసం రోజూ యాభై కిలోమీటర్ల పైన తిరిగేది. ఆమె తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆడినవాళ్ళు. అందుకే తిప్పగలిగారు. పల్లెలో ఏ తల్లి తిప్పగలదు? చోటే పిల్లకు దగ్గరగా రావాలి.

దగ్గరగా ఉన్నది బడి గ్రౌండు, పంచాయతీ స్థలం. చాలా ఊళ్ళలో వీటి గతి ఏమిటో చూడండి. ఒక పక్క గడ్డివాము వేస్తారు. ఇంకో పక్క ట్రాక్టరు పెడతారు. మరుసటేడు అక్కడ గోడ లేస్తుంది. మూడో ఏడు ఆ గోడ వెనక ఇల్లుంటుంది. 2011 జనవరి 28న సుప్రీంకోర్టు దీని మీద ఒక తీర్పు ఇచ్చింది. పంజాబులోని ఒక ఊరి చెరువు స్థలం ఆక్రమించుకున్న కేసు అది. ఊరుమ్మడి స్థలాలు ఆక్రమించిన వాళ్ళను ఖాళీ చేయించి, ఆ స్థలాలు తిరిగి పంచాయతీకి అప్పగించాలని కోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. చాలాకాలంగా ఉంటున్నామన్నా, బోలెడు ఖర్చుపెట్టి కట్టుకున్నామన్నా అది సాకు కాదంది.

స్థలం ఎంత, హద్దులు ఎక్కడ అన్నది తెలుసుకోవటం కష్టం కాదు. 2005 సమాచార హక్కు చట్టం ఉంది. తెల్లకాగితం మీద రాసి అడగొచ్చు. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో అయితే 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. జవాబు వచ్చాక గ్రామసభకు వెళ్ళాలి. ఏడాదికి కనీసం రెండుసార్లు గ్రామసభ జరగాలి. ఆంధ్రప్రదేశ్ పంచాయతీల్లో సగం పదవులు ఆడవాళ్ళకే. ఆమె కుర్చీలో కూర్చుని, మాటలు ఆమె భర్త మాట్లాడితే ఏం లాభం? ఆమెనే నేరుగా అడగాలి.

ముందు పదిమంది కలవాలి. డ్వాక్రా సంఘం ఉంటే అందులోనే మాట ఎత్తొచ్చు. ఊళ్ళో కోలాటం నేర్చుకునే ఆడవాళ్ళుంటే వాళ్ళను కలుపుకోవాలి. తలా కొంచెం వేసుకుని కోలలు కొనుక్కునీ, గురువుకు ఇచ్చుకునీ నడుపుకునే ఆ బృందం కూడా ఆటల సంఘమే. ఆ సంగతి వాళ్ళకే తెలియదు.

అర్జీ ఇలా రాయొచ్చు. చదవండి. తర్వాత పలకా బలపం పక్కన పెట్టి, పెన్నుతో కాగితం మీద రాయండి.

గ్రామ పంచాయతీ సర్పంచ్ గారికి,

అయ్యా / అమ్మా,

మా ఊరి ఆటస్థలంలో ఆడపిల్లలు, ఆడవాళ్ళు ఆడుకోవటానికి వీలు లేకుండా ఉంది. కాబట్టి:

రోజూ సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా ఒక పక్క మాకు కేటాయించాలి.

సర్వేయరుతో కొలిపించి హద్దురాళ్ళు వేయించాలి.

ఒక లైటు, ఒక నీళ్ళ కుళాయి, ఆడవాళ్ళకు ఒక మరుగుదొడ్డి పెట్టించాలి.

ఈ విషయం వచ్చే గ్రామసభలో చర్చకు పెట్టాలని కోరుతున్నాం.

తేదీ:

ఇట్లు, సంతకాలు:

1.

2.

3.

వేలిముద్రలు వద్దు. సంతకాలే చేయండి.