పోపుల పెట్టె లెక్క



ఈ ధర్మనిధి ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ టీచరమ్మగారిని నేను పాతికేళ్లపాటు బ్యాంకు కౌంటరుకు ఇవతలి నుంచి చూశాను. జీతాల మర్నాడు వచ్చేవారు. ఆ జీతం భర్తతో కలిపి ఉన్న జాయింటు ఖాతాలో పడేది. ఇంటి ఖర్చుకు తీసుకునే డబ్బులో కొంత చిన్న నోట్లుగా అడిగి, రెండుసార్లు లెక్కపెట్టుకుని, మా బ్యాంకు దిగి పక్కనున్న పోస్టాఫీసు మెట్లెక్కేవారు. ఎందుకో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆవిడ పోయాక కూతుళ్లు బీరువా సర్దుతుంటే ఒక పాత పట్టుచీర మడతల్లో ఆరు రికరింగ్ డిపాజిట్ పుస్తకాలు బయటపడ్డాయి. ఆవిడ భర్త మాస్టారికి వాటి సంగతి తెలియదు. ఈ ధర్మనిధికి మూలధనం ఆ పుస్తకాల్లోని డబ్బే. ఇది సభలో చెప్పవచ్చా అని కూతుళ్లను అడిగాను. "చెప్పండి పిన్నిగారూ, అందుకే కదా మిమ్మల్ని పిలిచింది" అన్నారు.

కాబట్టి ఈ సాయంత్రం నేను మాట్లాడేది దాచిన డబ్బు గురించి.

ఈ డబ్బుకు మన ఇళ్లలో చాలా చోట్లున్నాయి. పోపుల పెట్టె అడుగున, బియ్యం డబ్బాలో, దేవుడి పటం వెనక, మినపప్పు సీసాలో. దీని మీద సినిమాల్లో నవ్వించారు, పత్రికల్లో కార్టూన్లు వేశారు. భర్త జేబులోంచి కొట్టేసిన సొమ్మన్నట్టే మాట్లాడతారు. ముప్పై నాలుగేళ్లు నోట్లు లెక్కపెట్టినదాన్ని, నాకు తెలిసింది చెబుతాను. అది మిగిల్చిన డబ్బు. నెలకు ఇంత అని చేతిలో పెట్టి, పాలూ కూరలూ పిల్లల ఫీజులూ వచ్చేపోయే చుట్టాలూ అన్నీ అందులోనే సర్దమంటే, సర్ది, తను వేసుకోవాల్సిన కూరలోంచీ కట్టుకోవాల్సిన చీరలోంచీ తగ్గించుకుని పక్కన పెట్టినది. మరి దాచడం ఎందుకంటారా? పైకి కనబడితే తనది కాకుండా పోతుంది కనక. ఖర్చుకు జవాబు చెప్పాల్సింది ఆమె, మిగులు మీద అధికారం మాత్రం ఇంకొకరిది. ఆ రెండింటి మధ్య సందులో పుట్టింది పోపుల పెట్టె డబ్బు.

2016 నవంబరు 8 రాత్రి ఎనిమిది గంటలకు 500, 1000 రూపాయల నోట్లు చెల్లవని ప్రధానమంత్రి ప్రకటించారు. మర్నాడు బ్యాంకులకు సెలవు. పదో తేదీ పొద్దున మా శాఖ షట్టరు ఎత్తేసరికి జనం వీధి మలుపు దాకా ఉన్నారు. ఆడవాళ్లకు వేరే వరస పెట్టాం. ఆ యాభై రోజుల కష్టం గురించి చాలామంది రాశారు. నోట్ల వాసన గురించి ఎవరూ రాసినట్టు లేదు. ఆడవాళ్ల వరసలోంచి వచ్చిన నోట్లకు ఇంగువ వాసన ఉండేది. అంచుల్లో పసుపు మరకలు. నాలుగు మడతలు పెట్టీ పెట్టీ మధ్యలో చిరగబోతున్నవి. ఒక్కొక్క నోటునీ బల్ల మీద అరచేత్తో సాపు చేసి నా వైపు తోసేవాళ్లు. మధ్యాహ్నం అన్నానికి లేచేసరికి నా వేళ్లకు పసుపంటి ఉండేది.

గృహిణులు రెండున్నర లక్షల దాకా వేసుకుంటే ఆరా తీయబోమని ప్రభుత్వం చెప్పింది. నిజమే, ఆదాయప్పన్నువాళ్లు అడగలేదు. ఇంట్లోవాళ్లు అడిగారు.

ఒకావిడ భర్తతో వచ్చింది. యాభై దాటిన మనిషి. కొంగు ముడి విప్పి నోట్లు తీసింది. ముప్పై ఏడు ఐదు వందల నోట్లు, పద్దెనిమిది వేల ఐదు వందలు. ఆయన వాటి వంకే చూస్తూ, "ఎప్పట్నుంచి?" అన్నాడు. "పెద్దదాని పురిటప్పట్నుంచి" అందామె. ఆయన కోప్పడలేదు, పరుషంగా ఒక్క మాట అనలేదు. ఫారం నింపి తన ఖాతా నంబరు వేశాడు. ఆమెకు ఖాతా లేదు. నేను ముద్ర వేసి చీటీ ఆయనకిచ్చాను. "అమ్మా, మీ పేరున ఒకటి తెరుస్తాను, రేపు రండి" అనడానికి అరనిమిషం చాలు. వెనక రెండు వందలమంది ఉన్నారని అనలేదు. ఆ పొరపాటు నాది. ఈ ఉపన్యాసానికి ఒప్పుకోవడానికి అదీ ఒక కారణం.

ఆడవాళ్లకు లోక వ్యవహారాలు పట్టవని ఒక మాట ఉంది. ఆ వరసలో నిలబడ్డవాళ్ల మాటలు విన్నవాళ్లెవరూ ఆ మాట అనలేరు. రద్దు ఎందుకు చేశారు, ఎవరి నోట్లు మారతాయి, ఎవరివి మారవు, కూరల బండివాడికి చిల్లర ఎక్కడ దొరుకుతుంది, కూలికి పాతనోటు ఇస్తే ఏం చేయాలి, అన్నీ మాట్లాడుకున్నారు. మగవాళ్లు రాజకీయం అని వేరే పేరు పెట్టుకుని మాట్లాడేది, ఆడవాళ్లు పప్పు ధరతో కలిపి మాట్లాడతారు. అందుకే వినేవాళ్లకది రాజకీయంలా తోచదు. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారు 'ప్రమదావనం' శీర్షికను నలభై ఏళ్లకు పైగా నడిపారు. వంటా, ఆరోగ్యమూ, కాపురంలో చిక్కులూ, లోకజ్ఞానమూ అక్కడ ఒకే పందిరి కింద ఉండేవి. మా అమ్మ ఆ పేజీలు చించి పుస్తకంగా కుట్టుకుంది. అమ్మకు చదువు ఐదో తరగతి. ఇంటి సంగతీ డబ్బు సంగతీ దేశం సంగతీ విడదీయకుండా ఆలోచించడం ఆమెకు ఎవరూ నేర్పనక్కరలేకపోయింది.

అలా విడదీయకుండా ఆలోచిస్తే ఏమవుతుందో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చూశాం. అక్షరాస్యత తరగతులకు రాత్రిపూట కూడిన కూలి ఆడవాళ్లు, వాచకంలో సారా కొట్టు మూయించిన పల్లె పాఠం చదివి, తమ ఊళ్లో కొట్టు మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. సారా వేలం పాటలు జరగనివ్వకుండా కలెక్టరాఫీసుల ముందు కూర్చున్నారు. ఆబ్కారీ రాబడి పోతే ప్రభుత్వం నడిచేదెలా అని పెద్దలన్నారు. ఆ వాదన తప్పని కాదు, కానీ అది సగం లెక్క. సర్కారు పద్దులో రాబడిగా చేరినది ఆ ఆడవాళ్ల ఇంట్లో సాయంత్రానికి చేరని కూలి డబ్బు. ఒకే రూపాయి రెండు పుస్తకాల్లో ఉంది. రెండో పుస్తకం అంతకు ముందు ఎవరూ తెరవలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. రాబడి లెక్కే గెలిచింది. ఇది నాకు ఈనాటికీ మింగుడుపడని విషయం.

అయితే నెల్లూరు జిల్లాలో ఆ పోరాటం నుంచే ఇంకొకటి పుట్టింది: పొదుపులక్ష్మి. సారాకు పోయే డబ్బులోంచి రోజుకు ఒక్క రూపాయి. దాచిన డబ్బు మొదటిసారి పదిమంది ముందు బయటికొచ్చింది. చెట్టు కింద చాప పరిచి, పెట్టె మధ్యలో పెట్టి, పేరు పిలిచి, రాసుకుని తీసుకునేవారు. తర్వాత డ్వాక్రా సంఘాలు ఊరూరా పెరిగాయి. మా శాఖకు నెలకొకసారి ముగ్గురు లీడర్లు పుస్తకాలు సంకనబెట్టుకుని వచ్చేవారు. వడ్డీ లెక్క మా ఆఫీసరు పొరపాటుగా వేస్తే ఎనిమిదో తరగతి చదివిన లీడరు పెన్సిల్‌తో దిద్ది చూపించింది. ఆ రోజు మా శాఖలో అందరం ఆమెకు టీ తెప్పించాం.

దాని పక్కనే మరో సంగతి చెప్పకపోతే నేను అబద్ధమాడినట్టే. సంఘం అప్పు ఆమె పేరున వస్తుంది. ఆ డబ్బు ఆటో కిస్తీకి, బోరు బావికి, మరిది పెళ్లికి వెళుతుంది. కట్టాల్సింది ఆమె. కట్టకపోతే అడిగేది తోటి సభ్యురాలే, కాదనలేని మనిషి. ఒక సూక్ష్మరుణ సంస్థ అప్పు తీర్చడానికి ఇంకో సంస్థ దగ్గర తీసుకుని మునిగినవాళ్లున్నారు. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆ రోజుల్లో మా కౌంటరుకొచ్చిన ఆడవాళ్లు డబ్బు కన్నా ముందు చీటీలు బల్ల మీద పరిచేవారు. నాలుగు రంగుల చీటీలు, నాలుగు వారాల వాయిదాలు. సంతకం చేయడం నేర్పాం. వద్దనడం ఎవరూ నేర్పలేదు.

సంతకం అంటే ఆస్తి గుర్తొస్తుంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇస్తూ దేశంలో మొదట చట్టం చేసింది మన ఆంధ్రప్రదేశే. 1986 చట్టం, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు వర్తించదన్నారు. 2005లో దేశమంతటికీ వచ్చింది. కాగితం మీద ఇంతకన్నా ఏం కావాలి? ఆస్తి తనఖా అప్పులకు అక్కచెల్లెళ్లు వచ్చి హక్కు వదులుకున్న పత్రాల మీద సంతకాలు పెట్టడం నేను ఎన్నోసార్లు చూశాను. అన్నయ్య కారులో తీసుకొచ్చేవాడు. వదిన చీర పెట్టి పంపేది. వాళ్లను అమాయకులనడం నాకిష్టంలేదు. పుట్టింటి గుమ్మం తెరిచి ఉండాలంటే ఏం చెల్లించాలో వాళ్లకు తెలుసు. ఆ ధర అడిగినవాళ్లదే తప్పు.

ఇక ఇంటి పని. 2019 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంట్లో జీతంలేని పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు చేస్తారు. ఆ పనికి రూపాయల్లో విలువ ఎప్పుడు కడతారో తెలుసా? ఆమె పోయాక. 1989లో జంషెడ్‌పూర్‌లో ఒక వేడుకలో జరిగిన అగ్నిప్రమాదం కేసులో 34 నుంచి 59 ఏళ్ల గృహిణుల సేవలకు నెలకు 3,000 రూపాయలని 2001లో సుప్రీంకోర్టు విలువ కట్టింది. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాద పరిహారం తీర్పులో మన జస్టిస్ ఎన్.వి. రమణ ఈ సర్వే అంకెలనే ఎత్తి చూపారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటి పనే ముఖ్యమైన పని అని చెప్పిన ఆడవాళ్లు దాదాపు 16 కోట్లు, మగవాళ్లు 58 లక్షలని రాశారు. ఆ తీర్పు నేను కంటనీటితో చదివాను. బతికున్నప్పుడు కూరల డబ్బుకు చెయ్యి చాచిన మనిషికి, దండ వేసిన ఫొటో అయ్యాక నెలసరి ఆదాయం వస్తుంది. అదీ వారసులకే అందుతుంది.

ఇప్పుడు డబ్బు దాచడానికి చోటే లేకుండా పోతోంది. ప్రభుత్వాలు పథకాల డబ్బు ఆడవాళ్ల ఖాతాల్లోనే వేస్తున్నాయి, మంచిదే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో అమ్మఒడి 15,000 రూపాయలు తల్లుల ఖాతాల్లో పడ్డాయి. డబ్బు అమ్మ ఖాతాలో పడింది, ఫోను నాన్న జేబులో మోగింది. ఖాతాకు ఇచ్చిన నంబరు ఆయనది. ఏ రోజు ఎంత పడిందో, ఎంత తీసిందో ఆమె కన్నా ముందు ఆయనకు తెలుస్తుంది.

మా వీధిలో ఒకమ్మాయి జాకెట్లు కుడుతుంది. కుట్టుమిషను పక్కన గోడకు స్కాను అట్ట. కిందటేడు నేను కుట్టుకూలి ఇవ్వబోతే ఫోనులో ఆమె భర్త పేరొచ్చింది. ఏమే ఇది అన్నాను. "ఆయన ఫోనుకే పెట్టారు పిన్నిగారూ, నాకు చిన్న ఫోనే కదా." రోజంతా తొక్కేది ఆమె, సాయంత్రం తన కూలి తను అడిగి తీసుకునేది. ఆయన ఇవ్వననే మనిషి కాదు. అడగడమే ఆమెకు కష్టంగా ఉంది. కొత్త సిమ్ తీసుకుంది. ఆధారు జిరాక్సు పట్టుకుని ఇద్దరం తన బ్యాంకుకు వెళ్లాం. నంబరు మార్పు ఫారం చూసిన కుర్రాడు, "మీవారిని కూడా తీసుకురండమ్మా" అన్నాడు. ఖాతా ఆమె ఒక్కదాని పేరునే ఉంది, ఆమె సంతకం చాలు. నేను నోరు తెరిచేలోపే, "ఖాతా నాది కదండీ" అంది. మెల్లగానే అంది. అతను తీసుకున్నాడు. నాలుగు రోజులు పట్టింది.

పాత అట్ట మీదే కొత్తది అంటించింది. మొదటి డబ్బు నేనే వేశాను, రెండు జాకెట్లకు 700 రూపాయలు. నా ఫోనులో ఆమె పేరు కనిపించింది, ఇంటిపేరుతో సహా. ఆమె ఫోను మోగితే తీసి చూసుకుని మిషను మీద పెట్టింది.

"పోపుల పెట్టెలోది మాత్రం తీయలేదు పిన్నిగారూ" అంది. "అదలాగే ఉండనీ."