ఆస్తి పంపకంతో మొదలైన ప్రళయం: కురొసావా 'రాన్'

ప్రళయం సినిమా అనగానే మనకి ఏం గుర్తొస్తుంది? ఉప్పెన, ఉల్క, కూలిపోయే బిల్డింగులు. ఇవాళ చెప్పబోయే సినిమాలో అవేవీ ఉండవు. ఒక ముసలాయన ముగ్గురు కొడుకులకి రాజ్యం పంచుతాడు. అంతే, అక్కడ మొదలవుతుంది.

సినిమా పేరు 'రాన్', 1985లో వచ్చింది. జపనీస్‌లో ఆ మాటకి అల్లకల్లోలం అని అర్థం. షేక్‌స్పియర్ 'కింగ్ లియర్' నాటకాన్ని అకిరా కురొసావా పాత జపాన్‌కి తీసుకెళ్లి, కూతుళ్ల బదులు కొడుకుల్ని పెట్టాడు.

స్టేజి మీద లోకాన్ని తగలబెట్టలేం కదా! అందుకే నాటకంలో తుఫాను సగం లియర్ మాటల్లోనే ఉంటుంది. కురొసావా మాత్రం ఫ్యూజీ కొండ వాలు మీద కోట సెట్ వేయించి, నిజంగానే అంటించేశాడు. రీటేక్‌కి ఛాన్సే లేదు. ఆ యుద్ధం సీన్‌లో కేకలు, కత్తుల చప్పుడు ఏవీ వినపడవు. టకెమిత్సు సంగీతం ఒక్కటే ఉంటుంది. ఫోన్‌లో చూసేవాళ్లు సౌండ్ పోయిందనుకోకండి! ఉన్నట్టుండి ఒక తుపాకీ పేలుతుంది, పెద్దకొడుకు పడిపోతాడు, అప్పుడు శబ్దాలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. కాసేపటికి మతి పోయిన హిదెతోరా మండుతున్న కోట మెట్లు దిగి వస్తుంటే, చంపడానికొచ్చిన సైనికులే పక్కకి తప్పుకుని దారిస్తారు.

లియర్ కుర్రతనంలో ఏం చేశాడో నాటకం పెద్దగా చెప్పదు. కురొసావా చెప్పాడు. హిదెతోరా ఊళ్లు కాల్చాడు, కోటలు లాక్కున్నాడు, సురుమారు అనే పిల్లాడి కళ్లు తీయించాడు. అంటే ఈ ప్రళయం ఆకాశం నుంచి ఊడిపడలేదు, ఆయనే కూడబెట్టుకున్నాడు. నాకు నాటకం కంటే ఇదే ఎక్కువ భయమేసింది.

2015 'మాక్‌బెత్'లోనూ నిప్పు ఉంది. నాటకంలో సైనికులు కొమ్మలు పట్టుకుని నడుస్తారు, సినిమాలో అడవే కాలి బూడిదై కోట మీదకొస్తుంది. ఐడియా అదిరింది, కానీ ఆ ఎర్ర పొగలో మనుషులు నాకు సరిగ్గా ఆనలేదు.

'రాన్' నేను మొదటిసారి చూసింది మా ఇంట్లో పొలం పంపకాలు నడుస్తున్న వారంలో. తాతయ్య అరుగు మీద కూర్చుని ఎవరితోనూ మాట్లాడట్లేదు. కొడుకులు ముగ్గురూ లోపల లెక్కలేసుకుంటున్నారు. సినిమా సగంలో ఆపేసి, వెళ్లి ఆయన పక్కన కూర్చున్నా. మిగతా సగం మర్నాడు చూశా.

చివరి షాట్‌లో సురుమారు ఒక్కడే, పాడుబడ్డ కోట గోడ అంచున. అక్క ఇచ్చిన బుద్ధుడి బొమ్మ చేతిలోంచి జారి కింద పడుతుంది. వెతుక్కోడానికి కళ్లు లేవు. పక్కన ఎవరూ లేరు. చూసినవాళ్లు ఆ షాట్ గురించి కామెంట్‌లో రాయండి.