రైలు పట్టాలకు అవతల

న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల ఎన్నో తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్లు కారెక్కితే గంటలోపు చేరుకోగల సముద్రతీర పట్టణం ఆస్‌బరీ పార్క్. 1871లో పుట్టిన విహార పట్టణమిది. ఒడ్డు పొడవునా చెక్కలు పరిచిన నడకదారి, 1920ల చివర్లో కట్టిన కన్వెన్షన్ హాల్ దీనికి పేరు తెచ్చాయి.

హైవేలు, మాల్స్ వచ్చాక ఊళ్లో బేరాలు తగ్గాయి. 1970 జూలైలో ఇక్కడ చెలరేగిన అల్లర్లలో, నల్లజాతి వారి వ్యాపారాలకు, సంగీతానికి నెలవైన స్ప్రింగ్‌వుడ్ అవెన్యూ తగలబడింది. 1980లలో ఒడ్డున మొదలెట్టిన ఓ భారీ భవనం సగంలో ఆగి, ఏళ్ల తరబడి మొండి అస్థిపంజరంలా నిలబడిపోయింది. 2002లో నగరం తీరప్రాంత పునరుద్ధరణకు ప్రణాళిక వేసుకుంది. 2006లో ఆ మొండి కట్టడాన్ని పేల్చేశారు. 2019లో అక్కడే 17 అంతస్తుల భవనం వెలిసింది. నడకదారి మళ్లీ జనంతో కళకళలాడుతోంది.

కానీ రైలు పట్టాలకు పడమరనున్న స్ప్రింగ్‌వుడ్‌కు చిన్న పార్కు దక్కిందే 2016లో! ఊరు బాగుపడ్డం అంటే ఒడ్డు ఒక్కటే మెరవడం కాదు. ఈసారి అటు వెళ్తే పట్టాలు దాటి ఆ వీధిలోనూ నడవండి, అక్కడి దుకాణాల్లోనూ నాలుగు డాలర్లు ఖర్చుపెట్టండి.