త్రిభువన్‌దాస్ పటేల్ : రైతుబిడ్డ, సంఘ నిర్మాత

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షుల, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



బై-లాల మీద మాట్లాడమని మమ్మల్ని పిలిచారు. బై-లాలు మీ సంఘం బీరువాలోనే ఉన్నాయి, తీసి చదువుకోవచ్చు. మేము ఒక మనిషిని గురించి చెబుతాము.

త్రిభువన్‌దాస్ పటేల్ 1903లో గుజరాత్‌లోని ఆనంద్‌లో రైతు కుటుంబంలో పుట్టారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. 1942లోనూ వెళ్ళారు.

1945లో బొంబాయి పాల పథకం వచ్చింది. ఖేడా జిల్లా పాలు సేకరించే హక్కు పోల్సన్ కంపెనీకి దక్కింది. కంపెనీకి ఇంత ధర అని నిర్ణయమైంది గాని, రైతుకు ఎంత ముట్టాలో ఎవరూ నిర్ణయించలేదు. మధ్యన కాంట్రాక్టర్లు. రైతులు సర్దార్ పటేల్‌ను ఆశ్రయిస్తే, సొంత సంఘం పెట్టుకోండి, సర్కారు కాదంటే పాలు పోయడం మానండి, నష్టానికి సిద్ధపడండి అని సలహా ఇచ్చారు. 1946 జనవరి 4న సమర్ఖా గ్రామంలో మొరార్జీ దేశాయి సమక్షంలో సభ జరిగింది. తరువాత పదిహేను రోజులు కాంట్రాక్టరుకు చుక్క పాలు పోయలేదు. ధాన్యమైతే గాదెలో పోసి ధర కోసం కాచుకోవచ్చు, పాలు పూటకు మించి ఆగవు. ఆ పదిహేను రోజులు ఎలా గడిచి ఉంటాయో పాడి ఉన్న మీకు వేరే చెప్పాలా?

సర్కారు దిగివచ్చింది. 1946 డిసెంబరు 14న ఖేడా జిల్లా యూనియన్ రిజిస్టరయింది. త్రిభువన్‌దాస్ దాని అధ్యక్షులై ఊరూరా తిరిగి రైతులను కూడగట్టారు. 1948లో పని మొదలైనప్పుడు ఉన్నవి రెండు ఊళ్ళ సంఘాలు, రోజుకు సుమారు 250 లీటర్లు.

మరుసటి ఏడు ఆనంద్‌లోని ప్రభుత్వ క్రీమరీకి కురియన్ అనే యువ ఇంజనీరు వచ్చారు. ఆయన వెళ్ళిపోతానంటే ఆపినవారు త్రిభువన్‌దాసే. ఆ తరువాత యంత్రాల సంగతి, అమ్మకాల సంగతి కురియన్‌కు వదిలి, రైతుల సంగతి తాను చూసుకున్నారు. మా మటుకు మాకు ఆయన చేసిన అన్ని పనులలో ఇదే గొప్పదనిపిస్తుంది. తనిఖీకి వెళ్ళిన ఒక ఊళ్ళో అధ్యక్షులవారి ఇంటి పాలకు ఎప్పుడూ ఒకే వెన్న శాతం, ఎండాకాలమైనా వానాకాలమైనా! టెస్టరు కుర్రవాడిని అడిగితే తల వంచుకున్నాడు. వాడేం చేస్తాడు, జీతం రాసే చెయ్యి అధ్యక్షులదే కదా.

రాజకీయాలు వద్దని మేము అనడం లేదు. త్రిభువన్‌దాస్ గుజరాత్ రాష్ట్ర కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు, 1967 నుంచి 1974 వరకు రాజ్యసభలో కూర్చున్నారు. 1963లో కురియన్, ఖురోడీలతో కలిసి మెగసెసే బహుమతి అందుకున్నారు.

1970 దశకం తొలి ఏళ్ళలో తానుగా పదవి వదిలినప్పుడు సభ్యులు తలకొక రూపాయి వేసుకుని ఆరు లక్షలు పోగుచేసి చేతిలో పెట్టారు. ఆ డబ్బుతో ఆయన పల్లెల్లోని తల్లీబిడ్డల ఆరోగ్యం కోసం ఒక ట్రస్టు పెట్టారు. 1994లో కన్నుమూశారు. ఆనంద్‌లో సహకార విశ్వవిద్యాలయానికి 2025లో పార్లమెంటు ఆయన పేరే పెట్టింది.

భోజనాల తరువాత టెస్టింగు రిజిస్టర్లు చూద్దాము. తెచ్చినవారు ముందు బల్ల మీద ఉంచండి.