ఇరవై నాలుగంకెల సంఖ్య, ఒక చిన్న తనిఖీ

(డిసెంబరు 22, జాతీయ గణిత దినోత్సవం సందర్భంగా ఢిల్లీలోని మన కార్యాలయంలో తెలుగు ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు రామానుజన్ పుట్టినరోజు. 1729 కథ మీ అందరికీ తెలిసిందే. నేను మన గుంటూరు జిల్లా మనిషి పనితో ముడిపడిన మరో సంఖ్య గురించి చెబుతాను.

మతుకుమల్లి వెంకట సుబ్బారావు గారు 1921లో యాజలిలో పుట్టారు. 1963 నుంచి కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో పనిచేశారు. 2006లో కన్నుమూశారు. ఆయన 1966లో ఎల్.జె. వారెన్‌తో కలిసి యూనిటరీ పరిపూర్ణ సంఖ్యల మీద ఒక పత్రం ప్రచురించారు.

60ని తీసుకోండి. దాన్ని 4×15గా విడదీస్తే ఆ రెంటికీ ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి 4, 15 రెండూ లెక్కలోకి వస్తాయి. 2×30లో రెండూ సరి సంఖ్యలే కనుక అవి రావు. ఇలా ఏరితే 60 కాక మిగిలేవి 1, 3, 4, 5, 12, 15, 20. కూడి చూడండి, సరిగ్గా 60 వస్తుంది. ఇలాంటివి 6, 60, 90, 87,360 అని నాలుగు దొరికాయి. అయిదోదాన్ని చార్లెస్ వాల్ 1975లో ప్రచురించారు:

1,46,36,19,46,18,64,58,56,25,60,000.

దీన్ని నమ్మడమెలా? దగ్గరి దారి ఒకటుంది. 60 అంటే 4×3×5. ఒక్కోదానికి ఒకటి కలిపి గుణిస్తే 5×4×6, అంటే 120. 60కి సరిగ్గా రెట్టింపు. అదే పరీక్ష.

వాల్ సంఖ్యలోని ముక్కలు పన్నెండు: 2,62,144 (2ని 18 సార్లు గుణిస్తే వచ్చేది), 3, 625, 7, 11, 13, 19, 37, 79, 109, 157, 313. ఒక్కోదానికి ఒకటి కలపండి. 2,62,145 అంటే 5×13×37×109. 626లో 313 ఉంది, 314లో 157 ఉంది, 158లో 79 ఉంది. ఒక ముక్కకు కావలసింది మరో ముక్క తెచ్చి ఇస్తోంది. చివరికి అన్నీ సరిపోయి, ఒక్క 2 మాత్రం అదనంగా మిగులుతుంది. అంటే రెట్టింపు. కాగితం, పెన్ను ఉంటే పావుగంట పని. కనిపెట్టడం కష్టమే గానీ, సరిచూడడానికి వాల్ మాట మీద ఆధారపడక్కర్లేదు.

మరి ఆరోది? ఇలాంటి బేసి సంఖ్య ఉండదని రుజువైంది. సరి సంఖ్యల్లో ఆరోది ఇంతవరకూ దొరకలేదు. ఇవి పరిమితంగానే ఉంటాయని సుబ్బారావు గారు ఊహించారు, కానీ దానికి రుజువు లేదు. అందుకే గణితవేత్తలు "దొరకలేదు" అంటారే తప్ప "లేదు" అనరు.

మనం తనిఖీ నివేదికల్లో "లోపాలు లేవు" అని ఎంత తేలిగ్గా రాసేస్తామో మీకు తెలుసు. నిజానికి మనం చూసింది కొన్ని ఖాతాలే. "చూసిన ఖాతాల్లో లోపాలు కనబడలేదు" అన్నదే సరైన వాక్యం. మేకర్ నమోదు చేసినదాన్ని చెకర్ తన కళ్లతో కూడి చూడకుండా క్లిక్ చేస్తే, రెండో సంతకానికి విలువ లేదు. ఇరవై నాలుగంకెల సంఖ్యనే పావుగంటలో సరిచూడగలిగితే, ఒక రుణఖాతాకు టైము లేదనడం ఎలా?

ఈ ఆదివారం పిల్లలతో కూర్చుని ఆ పన్నెండు ముక్కలకూ ఒకటి కలిపి చూడండి. నా మాట మీద నమ్మకండి.