120 లీటర్ల మందు



కొప్పులింగేశ్వరస్వామి కొలువైన పలివెలలో కిడ్నీ జబ్బు గురించి మాట్లాడమని పిలిచారు. డయాలసిస్ కోసం అమలాపురం, రాజమండ్రి, కాకినాడ తిరిగే కుటుంబాల కష్టం తెలిసినవాణ్ణి కాబట్టి, అందరూ చూసే మిషన్ సంగతి పక్కనబెట్టి, ఎవరూ అడగని ద్రవం గురించి చెబుతాను.

డాక్టరు బీపీ మాత్ర రాస్తే పేరేమిటి, ఎన్ని మిల్లీగ్రాములు అని అడుగుతాం. నాలుగు గంటల డయాలసిస్‌లో నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున 120 లీటర్ల ద్రవం మన రక్తం పక్కనుంచే పారుతుంది. దాని గురించి ఒక్క మాట అడగం. రెంటికీ మధ్య వెంట్రుక కన్నా పలచని పొర. ద్రవంలో తక్కువున్నది రక్తంలోంచి పోతుంది, ఎక్కువున్నది రక్తంలోకి వస్తుంది. అందుకే నేను దాన్ని మందు అనే అంటాను. మందన్నాక మనిషిని చూసి రాయాలి.

మిషన్ దగ్గర రెండు డబ్బాలు చూసే ఉంటారు. ‘ఏ’ డబ్బాలో సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, కాస్త ఆమ్లం. ‘బి’ డబ్బాలో బైకార్బొనేట్, అంటే మన వంటసోడాయే. రెంటినీ ముందే కలిపి ఉంచితే కాల్షియం తెల్లగా పేరుకుపోతుంది, అందుకే మిషన్ అప్పటికప్పుడు శుద్ధిచేసిన నీళ్ళతో కలుపుకుంటుంది. ఆ చిక్కు తప్పుతుందని 1960ల్లో ఎసిటేట్ ద్రవం తెచ్చారు. నిలవుండేది, చవక. కానీ చాలామందికి బీపీ పడిపోయేది, వాంతులయ్యేవి. 1980ల్లో మళ్ళీ బైకార్బొనేట్ దారికొచ్చారు.

ఇక పొటాషియం. ఎక్కువమందికి వాడే ద్రవంలో అది లీటరుకు 2 మిల్లీమోల్స్. 1, 3 కూడా దొరుకుతాయి. మన కోనసీమలో చుట్టం గడప తొక్కగానే బొండం కొట్టిస్తాం. వద్దంటే చిన్నబుచ్చుకుంటాం. 100 మిల్లీలీటర్ల కొబ్బరినీళ్ళలో సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. నీళ్ళు బాగా ఉన్న ఒక్క బొండంతో 700 లోపలికెళ్తుంది. డయాలసిస్ మనిషికి చాలాసార్లు రోజు మొత్తానికే 2,000 దగ్గర గిరి గీస్తాం. దానిమీద ఒక చక్కెరకేళి, కూరలో కంద.

ఇలా చేరిన పొటాషియం మళ్ళీ డయాలసిస్ దాకా రక్తంలో పోగవుతుంది. వారానికి మూడుసార్లు చేయించుకునేవారికి కూడా ఒక విడత ఎడం ఎక్కువ ఉంటుంది. ఆ పొడుగు ఎడం తర్వాతి రోజున మరణాలు, గుండె ఇబ్బందులు పెరుగుతున్నాయని 2011లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనం చూపింది. మన దగ్గర వారానికి రెండుసార్లే వెళ్ళగలిగేవారు ఎందరో. అలాంటాయన రక్తంలో పొటాషియం 6.5 వచ్చిందనుకోండి. 1 ఉన్న ద్రవం పెడితే గబగబా దిగుతుందని తోస్తుంది. దిగుతుంది, కానీ ఆ దిగే వేగానికే గుండె లయ తప్పవచ్చు. 2 కన్నా తక్కువ వాడినచోట గుండె హఠాత్తుగా ఆగే ముప్పు ఎక్కువని అధ్యయనాలు చెప్పాయి. ప్రాణం మీదికొచ్చిన వేళ, ఈసీజీ చూస్తూ 1 పెట్టాల్సి రావచ్చు. రోజూ చేసే పనిగా మాత్రం వద్దు. 2 ఉంచి, సమయం పెంచి, ఇంకోసారి రమ్మని, ఇంట్లోవాళ్ళను కూర్చోబెట్టి బొండం సంగతి చెప్పడం మంచిదని నేను గట్టిగా నమ్ముతాను. నాలుగు ముద్దలైనా తినలేని మామ్మగారికి, విరేచనాలతో నీరసించినవారికి, డిగాక్సిన్ మాత్ర వేసుకునేవారికి 3 అవసరం కావచ్చు. వీళ్ళందరికీ ఒకే డబ్బా తగిలించడం చూస్తే నాకు బాధేస్తుంది.

ఇక సోడియం. ద్రవంలో అది ఎక్కువ పెడితే పిక్కలు పట్టవు, బీపీ నిలుస్తుంది. కానీ ఇంటికెళ్ళాక దాహం ఆగదు, మళ్ళీ వచ్చేసరికి బరువు పెరుగుతుంది. బీపీ పడిపోయేవారికి ద్రవం వేడిని ఒక డిగ్రీ తగ్గించి చూడటం నాకు నచ్చిన ఉపాయం. సుగరున్నవారికి గ్లూకోజు లేని ద్రవం వాడితే మిషన్ మీదే సుగరు పడిపోవచ్చు. ఇన్సులిన్ వేసుకున్న సంగతి ముందే చెప్పండి.

ద్రవం ఎంత బాగా ఎంచినా దానిలో అత్యధిక భాగం నీళ్ళే. 1996లో బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో డయాలసిస్ నీటిలోకి నాచు విషం చేరి 50 మందికి పైగా చనిపోయారు. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు మూలం ఇదీ అని తేల్చడానికి ఏళ్ళుగా పరిశోధనలు సాగుతూనే ఉన్నాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. అక్కడైనా ఇక్కడైనా ఆర్వో నీటి పరీక్ష ఎప్పుడు జరిగిందో అడగడం రోగి హక్కు.

గోదావరి లంకల్లో ఉండేవారికి మరో దారి ఉంది. కడుపులో పెట్టిన గొట్టం ద్వారా ఇంట్లోనే చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్. 2022 జులై వరదల్లో లంకలు దిగ్బంధమైనప్పుడు పడవెక్కి డయాలసిస్‌కు పోవడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పాలా? ఈ సంచుల్లో డెక్స్ట్రోజ్ 1.5, 2.5, 4.25 శాతాలు. శాతం పెరిగితే ఒంట్లోంచి ఎక్కువ నీరు లాగుతుంది, కానీ ఆ చక్కెర ఒంటికీ పడుతుంది, కడుపులోని పొరా ఏళ్ళ మీద దెబ్బతింటుంది. కాళ్ళు వాచాయని మీ అంతట మీరు 4.25 అలవాటు చేసుకోకండి, ముందు ఉప్పు తగ్గించండి. రాత్రంతా ఉంచడానికి ఐకోడెక్స్‌ట్రిన్ అనే ద్రవం ఉంది. అది వాడేవారికి కొన్ని రకాల గ్లూకోమీటర్లు సుగరును లేనంత ఎక్కువగా చూపిస్తాయి. ఆ అంకె నమ్మి ఇన్సులిన్ పొడిస్తే ప్రాణాపాయం. మీటరు కొనేముందే డాక్టరుకు చూపించండి.

రక్తపరీక్ష కాగితాలు తెచ్చుకున్నవారు ముందు వరుసలోకి రండి. ‘ఏ’ డబ్బా మీది పొటాషియం అంకె తెలిసినవారు అదీ చెప్పండి, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. తెలియనివారు ఈసారి వెళ్ళినప్పుడు ఫోనులో ఫొటో తీసుకు రండి.